ఒక్క మాట మీద దొరికిన ఇల్లు

పొద్దున్నే పక్కింట్లో ఎవరో సున్నపురాళ్లను డ్రమ్ములో వేసి నీళ్లు పోశారు. నేను కిటికీ మూసేలోపే వాసన లోపలికి వచ్చి కూర్చుంది. తొలకరి మట్టి వాసనలాగా పాట కట్టడానికి పనికొచ్చే వాసన కాదిది. కాలిన రాయి నీళ్లు తాగుతూ బుసకొట్టే వాసన. ముక్కు మండుతుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి. ఏడుస్తున్నావా అని ఎవరైనా అడిగితే సున్నం అని చెప్పి తప్పించుకోవచ్చు. విరుదునగర్‌లో ఇలాంటి సౌకర్యాలకు లోటు లేదు. మా సందు చివర మిరపకాయల గోడౌన్ ఉంది. గాలి అటు నుంచి మళ్లితే వీధి వీధంతా కళ్లు తుడుచుకుంటుంది, అందులో ఎవరిది దుఃఖమో ఎవరిది ఘాటో తేలదు. ఈ రోజు నాది మాత్రం సున్నమే. సున్నం అంటే నాకు గురవమ్మత్త.

గురవమ్మత్తది మా సొంత ఊరు కోవిల్‌పట్టిలో మా వీధే. పాత ఇళ్లకు సున్నం పూత వేసే పని ఆమెది. పనిచోట అందరూ ఆమెను పిలిచే పేరు చిత్తాలు, అంటే తట్ట మోసే ఆడమనిషి. మేస్త్రీ అనే పేరు మగవాళ్లది. కానీ మేస్త్రీలు ఇసుక పూత వేసి బీడీకి బయటికి పోయాక, కరక్కాయ నీళ్లు, తాటిబెల్లం, కోడిగుడ్డు తెల్లసొన కలిపిన చివరి పూతను నున్నని రాయితో రుద్ది అద్దంలా చేసేది ఆమే. నలభై ఏళ్లు రుద్దిన మీదట గోడలకు మెరుపు వచ్చింది, ఆమె వేళ్లకు గీతలు పోయాయి. రేషన్ షాపులో యంత్రం ఆమె బొటనవేలిని ఎన్నిసార్లు పెట్టినా గుర్తుపట్టేది కాదు. నేను రక్తపరీక్షలు చేసే ల్యాబ్ టెక్నీషియన్ని. ఒకసారి షుగర్ చూద్దామని ఆమె వేలికి సూది గుచ్చితే సూదే వంగింది. "నెత్తురు ఉండాది పాపా, దానికి బయటికి వచ్చే అలవాటు లేదు, అంతే," అంది ఆమె. ఇలాంటి మాటలు విని పెరిగినదాన్ని కాబట్టే నా నోరు ఇలా తయారైందని మా అమ్మ నమ్మకం. నా పేరు సీనియమ్మ. మా వైపు సీని అంటే చక్కెర. పేరు పెట్టినవాళ్లు తరవాత చాలా పశ్చాత్తాపపడ్డారు.

మా తెలుగు గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది ఇంట్లో మాట్లాడుకునేదే కానీ రాసుకునేది కాదు. గడప దాటితే తమిళమే. ల్యాబ్ కోర్సు చదవడానికి చిత్తూరు వెళ్లినప్పుడు నేను అక్షరాలు నేర్చుకున్నాను. అక్కడి పిల్లలు నా పాతకాలపు మాట విని, మీ ఇంట్లో ఇంకా రాజులు ఉన్నారా అని అడిగారు. రాజులు లేరు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉంది అని చెప్పాను.

చదువయ్యాక విరుదునగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. పొద్దున ఆరింటికల్లా ల్యాబ్ తెరవాలి. కోవిల్‌పట్టి నుంచి ఆ వేళకు చేరాలంటే నిద్రపోకుండా ఉండటం ఒక్కటే మార్గం. ఇల్లు వెతికాను. విరుదునగర్‌లో ఇళ్లు చాలా ఉన్నాయి. ఒంటిగా ఉండే ఆడపిల్లకు ఇచ్చే ఇళ్లే లేవు. ఒక ఇంటావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, పెళ్లి చేసుకుని రా, అప్పుడు మాట్లాడదాం అంది. బాడుగకు అడ్వాన్సు అడుగుతారని విన్నాను కానీ మొగుణ్ణి కట్టమంటారని తెలియదు. ఈ సంగతి మా అరుగు మీద కూర్చుని చెప్పి అందరినీ నవ్విస్తుంటే, గురవమ్మత్త ఒక్కతే నవ్వలేదు. "నాకు తెలిసిన ఇల్లొకటి ఉండాది. రేపు పోదాం," అంది.

అది మాణిక్కం అన్నాచ్చిది. బజారులో ఆయనకు పప్పుల కొట్టు ఉంది. అన్నాచ్చి అంటే ఇక్కడ పెద్ద వ్యాపారులను గౌరవంగా పిలిచే మాట. తాతల నాటి చిన్న ఇంటిని బాగుచేయించి బాడుగకు ఇస్తున్నాడు, తను మాత్రం ముందు వీధిలో కొత్త మేడలో ఉంటాడు. మేము వెళ్లేసరికి వసారాలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు. గురవమ్మత్త మెట్టు కిందే నిలబడింది. నన్ను చూపించి ఆయన తమిళంలో అడిగాడు, ఈ పిల్ల ఎవరని.

"మరుమగ, అన్నాచ్చీ," అంది అత్త.

మరుమగ అంటే కోడలు. తమిళంలోనూ మా తెలుగులోనూ ఆ ఒక్క మాటే కొడుకు భార్యకూ చెల్లుతుంది, అన్న కూతురికీ చెల్లుతుంది. ఆమె మా నాన్నను అన్నా అని పిలుస్తుంది. ఆమె చెప్పింది ఒక అర్థం, ఆయన విన్నది ఇంకొకటి.

"అయితే మగమనిషి ఎక్కడ?"

"మాకు తూత్తుకుడిలో ఆళ్లు ఉండారు అన్నాచ్చీ. హార్బర్‌లో వేల."

ఆళ్లు అంటే మనుషులు, వేల అంటే పని. అదీ నిజమే. ఆమె అక్క కొడుకులు అక్కడ మూటలు మోస్తారు. అన్నాచ్చి తల ఊపి తాళం చెవి తీసుకురమ్మని భార్యను కేకేశాడు. బయటికి వచ్చాక నేను ఆగలేకపోయాను.

"అత్తా, నాకు పెళ్లెప్పుడైంది? నన్ను పిలవనే లేదే!"

"అయిందని నేనెప్పుడంటిని? అన్న కూతురు కోడలు గాక ఇంకేమి, కలెక్టరా? ఆయన చెవికి నేనేమి చెయ్యను? నోరు మూసుకుని నడు."

ఇల్లు చిన్నది. రెండు గదులు, ఒక రాతి స్తంభం, మూర మందం గోడలు. వాకిలి ఎంత పొట్టిదంటే ఎవరైనా వంగాల్సిందే. వినయం నేర్పడానికి అలా కట్టారని అన్నాచ్చి అంటాడు, కొయ్య చాలక కట్టారని అత్త అంది. దీనికి అన్నాచ్చి అల్లుడు ఫోన్లో వీడియోలు చూసి ఆధునికత తెచ్చాడు. టేకు దూలాల కింద నీలం లైట్లతో ఫాల్స్ సీలింగ్. కోళ్లగూడు ఉన్న చోట వెస్టర్న్ టాయిలెట్. మూస్తే తెరుచుకునే, తెరిస్తే మూసుకునే మాడ్యులర్ కిచెన్ అరలు. ముందు గదిలో ఏసీ. తాతగారికి జీన్స్ ప్యాంటు తొడిగి పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు ఉంది ఇల్లు. లోపలి గదిలో పడమటి గోడ ఒక్కటే ఎవరి చేతికీ చిక్కకుండా మిగిలింది. పాలమీగడ రంగు. దగ్గరికి వెళితే నా ముఖం మసకగా అందులో కనిపించింది. గురవమ్మత్త సంచి కింద పెట్టి, ఆ గోడకు అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే నిలబడింది. జ్వరం చూస్తున్నావా అని అడిగాను.

రెండు రోజులు ఉండి ఇల్లు సర్దిపెట్టి పోతానంది. మూడో రోజు, గోడకు ఒక మూల పొర లేచింది, అది చూసి పోతానంది. పదో రోజుకి నేను అడగడం మానేశాను. ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె ఆ గోడ పక్కన నేల మీద పడుకుని ఉంది. ఏసీ వేసుకోకూడదా అన్నాను. అప్పుడు చెప్పింది.

"పదైదేండ్ల పిల్లని అప్పుడు. మా అమ్మ, నేను దీన్ని రుద్దితిమి. ఇరవై నాళ్లు. లోపల రుద్దేది, తినేది మాత్రం వీధిలో. నీళ్లు కావాలంటే బయట తొట్టి దగ్గర దోసిలి పట్టాల. వేల ముగిసిన నాడు మా అమ్మ ఏమన్నాదో తెల్సా? ఇంత చల్లని గోడ చేస్తిమే, దీని పక్కన ఒక్క పగలు పడుకుంటే ఎట్ల ఉంటాదో అన్నాది. అట్లే పోయింది. సుమ్మా, ఊరికే ఒక మాట అన్నాది, అంతే. నాకు మరవలే."

"నాకు ఇల్లు చూసిపెట్టడానికి వచ్చావనుకున్నాను," అన్నాను.

"నీకూ చూస్తిని కదా? ఒక దెబ్బకు రెండు కాయలు. ఆమా, అవును మరి, నీకు ఒక్కదానికి ఇస్తారా? నాకు ఒక్కదానికి ఇస్తారా?" అంది.

అలా ఎనిమిది నెలలు ఉన్నాం, అత్తా కోడలుగా. ఆ ఎనిమిది నెలల్లో ఆమె నాకు నేర్పినవి చిన్నవి. కేలండర్ తగిలించడానికి మేకు తెస్తే, "నీ చెంపకు కొట్టుకో, గోడకు వొద్దు," అంది. ఏసీ నీళ్ల గొట్టం ఎటు పోతుందో రోజూ చూడమంది. ఊడిన మూలను అతుకుతూ ఒకసారి రాయి నా చేతికిచ్చింది. మెరుపు వస్తున్న సంబరంలో నేను రుద్దుతూనే ఉన్నాను. చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. "ఆపు. ఇంకొక్కసారి రుద్దితే చచ్చిపోతాది. రుద్దేది ఎవరైనా రుద్దుతారు పాపా. చెయ్యి ఎప్పుడు తియ్యాలో తెలిసేదే పని." అప్పటికే నేను ఆ ఒక్కసారీ రుద్దేశాను. ఆ మూలలో ఇప్పటికీ అరచేతంత మచ్చ నల్లగా ఉంది. నా సంతకం అని చెప్పాను. నవ్వింది కానీ, మర్నాడు పొద్దున దాన్ని చూస్తూ నిలబడటం చూశాను.

అన్నాచ్చి కూతురికి నెలలు నిండుతుంటే గాజులు తొడిగే వేడుక చేశారు. అన్నాచ్చి భార్య సెల్వక్క స్వయంగా వచ్చి మా ఇద్దరినీ పిలిచింది. గురవమ్మత్త తన ఒక్కగానొక్క మంచి చీర కట్టుకుంది. అక్కడ ఆమెకు కుర్చీ వేశారు. మెడకు గంధం పూశారు. ఆకు వేసి, పక్కన నన్ను కూర్చోబెట్టి, సెల్వక్క చేత్తో పాయసం వడ్డించింది. నలభై ఏళ్ల కింద ఏ ఇంటివాళ్లు దోసిలి పట్టించారో ఆ ఇంటివాళ్లే, ఆమెను గుర్తుపట్టక. అత్త పాయసం తినలేదు, చూస్తూ కూర్చుంది. నేను అది గమనించాను. గమనించి కూడా ఆ పని చేశాను కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

గాజుల పళ్లెం పట్టుకుని సెల్వక్క నా ముందు ఆగి, అందరికీ వినపడేలా అడిగింది, "ఏమ్మా, మరి నీకేమీ విశేషం లేదా?"

లేదక్కా అంటే సరిపోయేది. సిగ్గుపడితే ఇంకా బాగుండేది. కానీ గదిలో ముప్పై మంది ఆడవాళ్లు, అందరి ముఖాలూ నా వైపే.

"విశేషానికి ముందు మొగుడు ఉండాలి కదక్కా," అన్నాను.

గది గొల్లుమంది. భర్త తూత్తుకుడిలో ఉన్నాడన్న అర్థంలో నవ్వారు. అక్కడితో ఆగినా నిలబడేది. ఒక నవ్వు వస్తే రెండోది కావాలి నాకు, అది నా రోగం. "అత్త వరకు రెడీమేడ్‌గా దొరికింది. మొగుడే ఇంకా తయారవ్వలేదు."

ఈసారి సగం మందే నవ్వారు. సెల్వక్క పళ్లెం పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. మూల నుంచి ఒక ముసలావిడ కళ్లజోడు సర్దుకుని అత్త వైపు వంగింది. "ఇంతసేపూ చూస్తున్నాను. నువ్వు తట్ట మోసే గురవమ్మవు కదూ?"

అత్త లేచి నిలబడింది. ఎవరూ లేవమనలేదు. కుర్చీని తనే ఎత్తి గోడవారగా పెట్టింది.

మర్నాడు అన్నాచ్చి నన్ను పిలిపించాడు. పెళ్లికాని దానివి అబద్ధం చెప్పి చేరావు, ఖాళీ చెయ్యి అంటాడనుకుని, దారిలో మూడు జవాబులు తయారు చేసుకున్నాను. ఆయన కోపంగా లేడు. అదే కష్టమైంది.

"చదువుకున్న పిల్లవి, ఆస్పత్రి ఉద్యోగం. నువ్వు ఉండమ్మా, నాకేమీ అభ్యంతరం లేదు. మా ఆవిడ సెల్వికి షుగర్ చూడటానికి కూడా వీలు. కానీ ఆమె పనిమనిషి. పనివాళ్లు పని అయ్యాక వెళ్లిపోవాలి. లోపల పడుకుంటే రేపు వీధిలో మాకు మాట వస్తుంది."

నా మూడు జవాబులూ వేరే ప్రశ్నకు. "సరే అన్నాచ్చీ," అన్నాను. నా జీవితంలో నేను అంత క్లుప్తంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి అత్త సంచి సర్దుకుని ఉంది. నేనూ వచ్చేస్తానన్నాను. ఆ మాట ఎలా అన్నానంటే, వద్దనే అవకాశం ఆమెకు బాగా మిగిలేలా అన్నాను. ఆమెకు అది అర్థమైంది. "నువ్వూ వస్తే గోడకు ఎవరుండారు? ఉండుకో. నేను ఎనిమిది నెలలు పడుకుంటిని. మా అమ్మకు ఒక్క పగలు దొరకలే," అంది. బస్టాండు వరకు సంచి నేను మోశాను. తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే కొంచెం తేలికయ్యేది. కోవిల్‌పట్టి బస్సు కిటికీ పక్కన కూర్చుని నన్ను దగ్గరికి రమ్మంది.

"ఏమీ అనుకోకు పాపా. నాకూ నవ్వొచ్చింది. రెడీమేడ్ అత్త అంటివే, అప్పుడు. ఆపుకుంటిని."

బస్సు కదిలింది. ఆ మాట కన్నా ఆమె నన్ను చెంపదెబ్బ కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, వెల్ల వేయడానికి అన్నాచ్చి మళ్లీ ఆమెనే పిలిపించాడు. సిమెంటు మేస్త్రీలకు ఆ గోడ చేతకాదు కదా. వెనక దారిన వచ్చింది. రెండు రోజులు పని చేసింది. మధ్యాహ్నం అన్నం పొట్లం విప్పుకుని వీధిలో కూర్చుంది. నేను చెంబుతో నీళ్లు తీసుకుని వాకిట్లోకి వెళ్లాను. లోపలికి రా అత్తా అన్నాను. "ఈడే తాగుతా. నీకు మాటొస్తాది," అని దోసిలి పట్టింది. నేను పోశాను. చెంబు ఆమె చేతికి ఇవ్వాలని నాకు ఆ తరవాత తోచింది. నాకు మంచి ఆలోచనలు ఎప్పుడూ తరవాతే వస్తాయి, జోకులు మాత్రం ముందే వస్తాయి.

కోవిల్‌పట్టిలో ఆమె ఉన్నది రేకుల కింద ఒక గది. చిత్తిరై, అంటే చైత్రం, ఎండల్లో చూడటానికి వెళ్లి టేబుల్ ఫ్యాను ఇచ్చాను. ఆమె రేకుకు అరచెయ్యి పెట్టి, కాలి, తీసేసింది. "దీనికి దాచుకునేది తెలీదు పాపా. ఎండ వస్తే ఎండ, వాన వస్తే వాన. ఏమొస్తే అది మన నెత్తిన పోస్తాది." ఊపిరి అందక మాట మధ్యలో ఆగుతోంది. ఇద్దరం ఉండేలా వేరే ఇల్లు చూస్తున్నానని చెప్పాను. చూడటం లేదు. ఆస్పత్రికి నడిచిపోయే దూరం, ఏసీ, శుభ్రమైన టాయిలెట్ ఉన్న ఇంకో ఇల్లు దొరకదని నాకు నేను చెప్పుకున్నాను. ఇది రాస్తుంటే కారణాలు ఎంత పొట్టిగా కనిపిస్తున్నాయో. అప్పుడు మాత్రం గోడంత ఉండేవి.

వానలు రాకముందే ఆమెను ఆస్పత్రిలో చేర్చారు. రక్తం నేనే తీశాను, వేలి నుంచి కాదు, మోచేతి దగ్గర నరం నుంచి. ఫలితం డాక్టరు కన్నా ముందు నేనే చదివాను. "ఏమి రాసుండారు?" అని అడిగింది. "నెత్తురు బాగానే ఉందట, మనిషే కొంచెం పాతబడిందట," అన్నాను. నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక, ఏసీ నీళ్లు గోడలోకి దిగుతున్నాయేమో చూస్తున్నావా అని అడిగింది. చూస్తున్నానన్నాను. అది నిజమే. ఆమెతో నేను చెప్పిన వాటిలో అబద్ధం కానిది అదొక్కటి మిగిలింది. నాలుగో రోజు పోయింది. నేను డ్యూటీలో ఉన్నాను.

నేను ఇంకా ఈ ఇంట్లోనే ఉన్నాను. వెళ్లిపోయానని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది కానీ వెళ్లలేదు. ఆమె నాకు ఇచ్చిపోయినది ఒక అలవాటు. ఏ కొత్త ఇంట్లోకి వెళ్లినా ముందు నా చెయ్యి గోడ మీదికి పోతుంది. లోపల ఏముందో, ఎవరు రుద్దారో, వాళ్లు ఎక్కడ కూర్చుని అన్నం తిన్నారో అని ఆలోచన మొదలవుతుంది. బంధువుల ఇళ్లలో ఇది కొంచెం ఇబ్బంది. ఏమ్మా పడిపోతుందనుకుంటున్నావా అని అడుగుతారు. నేను ఏదో ఒకటి చెప్పి నవ్విస్తాను. నవ్వు మధ్యలో చెయ్యి తీసేస్తాను.

పోయిన వారం అన్నాచ్చి మదురై నుంచి ఒకాయన్ని తీసుకొచ్చాడు. పాత ఇళ్లను పర్యాటకులకు రోజుల లెక్కన ఇప్పించే వ్యాపారం ఆయనది. ఫోటోలు తీస్తూ తీస్తూ పడమటి గోడ దగ్గర ఆగిపోయాడు. వేలితో తాకి, ఇది ఎవరు చేశారని అడిగాడు.

"కారైకుడి నుంచి పెద్ద మేస్త్రీలను రప్పించారు మా నాన్నగారు," అన్నాడు అన్నాచ్చి.

"కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కోవిల్‌పట్టి గురవమ్మ. ఆమె, వాళ్లమ్మ. ఇరవై రోజులు."

అన్నాచ్చి నొచ్చుకోలేదు. చిన్నపిల్లను చూసినట్టు నవ్వాడు. "ఆమె తట్ట మోసిందిలే."

మదురై ఆయన జేబులోంచి పెన్ను తీసి, చిన్న పుస్తకం తెరిచాడు. గురవమ్మ పేరు తప్పు లేకుండా రాస్తాడా, ఇంటిపేరు అడుగుతాడా అని చూశాను.

"సూపర్ మేడమ్," అన్నాడు. "ఈ కలర్ షేడ్ నంబర్ ఎంత?"

పెయింటే లేని గోడకు నోటికి వచ్చిన నాలుగు అంకెలు చెప్పాను. ఆయన శ్రద్ధగా రాసుకుని, ఒకసారి పైకి చదివి, తల ఎత్తాడు.

"మూడోది ఒకటా, ఏడా?"

"ఏడు," అన్నాను.